బ్రెడ్‌బోర్డు మీద ఇసిజి: బయోమెడికల్ మొదటి ఏడాది విద్యార్థులకు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు నుంచి బయోమెడికల్ ఇంజనీరింగ్‌లో చేరినవాళ్లకు మొదటి ఏడాది కొంచెం నిరాశగానే ఉంటుంది. గణితం, భౌతికశాస్త్రం, సి ప్రోగ్రామింగ్, బేసిక్ ఎలక్ట్రికల్ పాఠాల్లో మనిషి శరీరం జాడే పెద్దగా కనపడదు. ఈ నాలుగూ ఒకచోట కలిసేది ఇసిజి సర్క్యూట్‌లో. రెండో ఏడాది దాకా ఆగక్కర్లేదు, రెండు మూడు ఆదివారాలు చాలు.

కావలసినవి: బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా భాగాలు గుచ్చే పలక) ఒకటి, ఏడీ620 చిప్పు (రెండు తీగల మధ్య వోల్టేజి తేడాను పెంచేది) ఒకటి, టీఎల్072 (సంకేతాన్ని ఇంకా పెంచే ఆంప్లిఫయర్ చిప్పు) ఒకటి, 9 వోల్టుల బ్యాటరీలు రెండు, ఆర్డుయినో ఊనో (వోల్టేజిని చదివి ల్యాప్‌టాప్‌కు పంపే చిన్న బోర్డు), జెల్ ఎలక్ట్రోడ్లు ఒక ప్యాకెట్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు. మీ ఊళ్లో రేడియో, టీవీ రిపేరు కొట్లలో రెసిస్టర్లు దొరకొచ్చు. చిప్పులు మాత్రం విశాఖ వెళ్లినప్పుడు రెండేసి కొని ఉంచుకోండి. ఒకటి కాలిపోతే పని ఆగకూడదు.

గుండె సంకేతం చర్మం మీద సుమారు 1 మిల్లీవోల్టే. అందుకే మొదటి దశలోనే వెయ్యి రెట్లు పెంచాలనిపిస్తుంది. చాలా సర్క్యూట్లు చెడేది అక్కడే. ఎలక్ట్రోడ్డుకూ చర్మానికీ మధ్య పుట్టే స్థిర వోల్టేజి 300 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చు. దాన్ని వెయ్యి రెట్లు చేస్తే చిప్పు బ్యాటరీ అంచుకు తగిలి ఆగిపోతుంది, తెరమీద బల్లపరుపు గీత తప్ప ఏమీ రాదు. కాబట్టి ఏడీ620 1, 8 కాళ్ల మధ్య 5.6 కిలో ఓంలు పెట్టండి. 49.4ను 5.6తో భాగించి 1 కలిపితే దాదాపు 10 రెట్లు. 300 మిల్లీవోల్టులు 3 వోల్టులవుతాయి, ఇంకా చోటు మిగులుతుంది.

ఒక బ్యాటరీ మైనస్‌ను రెండోదాని ప్లస్‌కు కలపండి. మిగిలిన ప్లస్ ఏడీ620 7వ కాలికి, మిగిలిన మైనస్ 4వ కాలికి. రెండు బ్యాటరీలూ కలిసే నడిమి బిందువే మన గ్రౌండు, 5వ కాలు దానికే. 6వ కాలి నుంచి వచ్చే సంకేతాన్ని 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ గుండా పంపి, అవతలి కొస నుంచి గ్రౌండుకు 330 కిలో ఓంలు వేయండి. 0.48 హెర్ట్జ్ కంటే తక్కువవి, ఆ స్థిర వోల్టేజితో సహా, ఇక్కడ వడపోతవుతాయి. ఇక ధైర్యంగా పెంచవచ్చు: అదే కొసను టీఎల్072 3వ కాలికి ఇచ్చి, 1, 2 కాళ్ల మధ్య 100 కిలో ఓంలు, 2 నుంచి గ్రౌండుకు 1 కిలో ఓం పెట్టండి. ఇది 101 రెట్లు. 100 కిలో ఓంలకు సమాంతరంగా 39 నానోఫారడ్‌లు వేస్తే 41 హెర్ట్జ్ పైన ఉన్నవి తగ్గుతాయి. టీఎల్072కు ప్లస్ 8వ కాలికి, మైనస్ 4కు. వాడని సగాన్ని వదిలేయకండి: 5ను గ్రౌండుకు, 6ను 7కు కలపండి.

ఆర్డుయినోకు మైనస్ వోల్టేజి పడదు. ఆర్డుయినో గ్రౌండును మన గ్రౌండుకు కలపండి. టీఎల్072 1వ కాలి అవుట్‌పుట్‌ను 10 కిలో ఓంల ద్వారా ఆర్డుయినో ఏ0 ఇన్‌పుట్‌కు ఇచ్చి, ఏ0 నుంచి 5 వోల్టులకు మరో 10 కిలో ఓంలు కట్టండి. గీత 2.5 వోల్టుల దగ్గర కూర్చుంటుంది.

ఒంటికి తగిలించే ముందు ఒక పరీక్ష: ఏడీ620 2, 3 కాళ్లను గ్రౌండుకు కలిపి చూడండి. తిన్నని గీత రాకపోతే తప్పు సర్క్యూట్‌దే, శరీరానిది కాదు.

భద్రత విషయంలో రాజీ వద్దు. మూడు ఎలక్ట్రోడ్ తీగల్లోనూ 100 కిలో ఓంలు తప్పనిసరి. ఆర్డుయినో కలిపిన ల్యాప్‌టాప్ ఛార్జరు పూర్తిగా తీసేయాలి. కరెంటు మీద నడిచే ఆసిలోస్కోపుకు ఈ సర్క్యూట్‌ను ఒంటిమీద ఉండగా కలపకండి. పేస్‌మేకర్ ఉన్నవారి మీద అసలే ప్రయత్నించకండి.

ఏడీ620 3వ కాలి తీగ ఎడమ కాలర్ ఎముక కింద, 2వది కుడి కాలర్ ఎముక కింద, గ్రౌండు కుడి పొత్తికడుపు పక్కన. మణికట్టుకు పెడితే చేతి కండరాల వణుకు గీతలోకి వస్తుంది. బరంపురం వేసవి చెమటకు ఎలక్ట్రోడ్లు జారిపోతాయి: సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచాకే అంటించాలి. కొరాపుట్ కొండల చలికాలంలో చర్మం పొడిబారి ఉంటుంది, గరుకు గుడ్డతో మెల్లగా రుద్దండి. తెరిచిన ప్యాకెట్‌లో జెల్ ఎండిపోతుంది, మూతి మడిచి ఉంచండి.

గీత మీద దట్టమైన గజిబిజి కనిపిస్తే అది 50 హెర్ట్జ్ కరెంటు. ముందు తీగలను జడలా అల్లండి, ఫ్యానుకూ ట్యూబ్‌లైటుకూ దూరం జరగండి. తర్వాత ప్రోగ్రామ్‌లో సెకనుకు సరిగ్గా 250 సార్లు చదివి, వరుస 5 విలువల సగటు తీయండి. 5 విలువలంటే 20 మిల్లీసెకన్లు, 50 హెర్ట్జ్‌కు ఒక పూర్తి చుట్టు, కాబట్టి సగటులో అది సున్నా అవుతుంది. గణితం పాఠంలో సైన్ తరంగం సగటు ఎందుకు చేయించారో ఇక్కడ కళ్లకు కడుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ లేచే ఎత్తైన మొన, అంటే ఆర్ శిఖరం, కాస్త మొద్దుబారుతుంది, అంతే.

రెండు ఆర్ శిఖరాల మధ్య 200 విలువలు ఉంటే 0.8 సెకను, అంటే నిమిషానికి 75. మెట్లెక్కి వచ్చాక మళ్లీ కొలవండి. ఈ గీతతో ఎవరికీ జబ్బు నిర్ధారణ చెప్పకండి. రికార్డు బుక్కులో గీత పక్కనే ఎలక్ట్రోడ్లు పెట్టిన చోట్లు, రెసిస్టర్ విలువలు, తేదీ రాసుకోండి. మల్టీమీటర్‌తో కొలిచిన విలువే రాయండి, రంగుల గీతలు చూసి ఊహించినది కాదు.