ఇచ్చింది ఏ చక్కెరో ల్యాబ్‌లో ఎలా తేల్చాలి?

టెస్ట్ ట్యూబ్‌లో నీళ్లలాంటి ద్రావణం పోసి, ఇదేం చక్కెరో చెప్పమంటారు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సుక్రోజ్ మూడూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, ల్యాబ్‌లో రుచి చూసే ఆలోచన కూడా పెట్టుకోకండి. ఒక్కో పరీక్ష కొన్నింటిని పక్కకు తప్పిస్తూ పోతుంది కాబట్టి వరుస తప్పొద్దు, పక్కనే ఒక గడియారం ఉంచుకోండి.

ముందు మోలిష్ పరీక్ష. 2 మి.లీ. ద్రావణంలో రెండు చుక్కల ఆల్ఫా నాఫ్తాల్ వేసి కలిపి, ట్యూబ్‌ను వంచి గోడ వెంబడి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం మెల్లగా జారవిడవండి. పోశాక ఊపారో, పని చెడుతుంది, పైగా ప్రమాదం. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. రెండు పొరలు కలిసే చోట ఊదా రంగు వలయం వస్తే అది కార్బోహైడ్రేట్. అంతకుమించి ఇది ఏమీ చెప్పదు.

తర్వాత బెనెడిక్ట్. 5 మి.లీ. నీలం కారకంలో 8 చుక్కల ద్రావణం వేసి, మరుగుతున్న నీటిలో 3 నుంచి 5 నిమిషాలు ఉంచండి. క్షయకరణ చక్కెర (గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లా కాపర్ అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇవ్వగలిగేది) ఉంటే కాపర్ అయాన్లు క్యూప్రస్ ఆక్సైడ్‌గా మారతాయి. చక్కెర తక్కువుంటే ఆకుపచ్చ, పెరిగేకొద్దీ పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు. నీలం నీలంగానే ఉండిపోతే సుక్రోజ్‌ని అనుమానించాలి. దాన్ని పట్టుకోవాలంటే కొత్తగా తీసుకున్న ద్రావణంలో కొంచెం సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి కాసేపు మరిగించి, సోడియం కార్బొనేట్‌తో పొంగు ఆగేదాకా తటస్థం చేసి, మళ్లీ బెనెడిక్ట్ చేయండి. సుక్రోజ్ గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోయి ఉంటుంది కాబట్టి ఈసారి రంగు మారుతుంది. తటస్థం చేయడం మర్చిపోతే మాత్రం ఆ ఆమ్లం కారకంలోని క్షారాన్ని తినేసి ఫలితం తప్పుగా చూపిస్తుంది, చాలామంది బోల్తాపడేది ఇక్కడే.

బార్‌ఫోడ్ పరీక్షలో కారకం ఆమ్లంతో కూడిన కాపర్ ఎసిటేట్. మరుగు నీటిలో పెట్టాక మోనోశాకరైడ్‌లకు (గ్లూకోజ్, ఫ్రక్టోజ్ లాంటి ఒంటరి చక్కెరలకు) రెండు మూడు నిమిషాల్లోనే అడుగున ఎర్రటి పొడి కనిపిస్తుంది, రెండు చక్కెరలు కలిసి ఏర్పడ్డ లాక్టోజ్, మాల్టోజ్ లాంటివాటికి ఏడెనిమిది నిమిషాలకు పైనే పడుతుంది. 'ఇంకాసేపు చూద్దాం' అని వదిలేస్తే రెండూ ఒకటే అయిపోతాయి.

గ్లూకోజా ఫ్రక్టోజా అన్నది సెలివనాఫ్ పరీక్ష తేలుస్తుంది. 3 మి.లీ. కారకానికి (హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రిసార్సినాల్) 1 మి.లీ. ద్రావణం కలిపి నిమిషంపాటు మరిగిస్తే ఫ్రక్టోజ్ చెర్రీ ఎరుపుకి తిరుగుతుంది. సుక్రోజ్ కూడా ఎరుపే ఇస్తుంది, అందుకే బెనెడిక్ట్ ఫలితం ముందే చేతిలో ఉండాలి. ఎక్కువసేపు మరిగిస్తే గ్లూకోజ్ కూడా లేత రంగు చూపించి టెన్షన్ పెడుతుంది.

చక్కెరని ఫినైల్ హైడ్రజీన్‌తో వేడిచేస్తే వచ్చే ఓసజోన్ స్ఫటికాలు మైక్రోస్కోప్‌లో చూడ్డానికి భలే ఉంటాయి, మాల్టోజ్‌వి పొద్దుతిరుగుడు పువ్వులా, లాక్టోజ్‌వి ముళ్ల బంతిలా. కానీ గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండిటికీ ఒకే రకం సూదులు వస్తాయి. తేడా అంతా మొదటి రెండు కార్బన్ల దగ్గరే, ఫినైల్ హైడ్రజీన్ సరిగ్గా అక్కడే అతుక్కుని ఆ తేడాని చెరిపేస్తుంది. అది విషం కూడా, చేతికి తగలనీయకండి.

ఇక గ్లూకోజ్, గెలాక్టోజ్ మధ్య తేల్చాలంటే ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే గూడు) కింద గాఢ నైట్రిక్ ఆమ్లంతో వేడిచేసి, మర్నాటి దాకా కదపకుండా ఉంచండి. గెలాక్టోజ్ అయితే నీటిలో కరగని మ్యూసిక్ ఆమ్లం తెల్లటి స్ఫటికాలుగా అడుగున పేరుకుంటుంది, గ్లూకోజ్ అయితే ఏమీ ఉండదు.