మందు పడలేదని చెబితే ఫార్మసిస్టు ఏం రాసుకోవాలి

"ఆ మాత్ర నాకు పడలేదండీ, వేరేది ఇవ్వండి" అన్న మాట చాలాసార్లు డాక్టరు కంటే ముందు మందుల షాపు కౌంటరు దగ్గరే వినిపిస్తుంది. మాత్ర మార్చి పంపేస్తే ఆ సమాచారం అక్కడితో పోయినట్టే. అందుకే దాన్ని మందుల దుష్ప్రభావాల రిపోర్టు ఫారంలో రాసి పంపాలి.

పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, జ్వరంతో పాటు బొబ్బలు, నోట్లో పుండ్లు కనిపించినా ఫారం సంగతి తరవాత. ముందు ఆసుపత్రికి పంపాలి.

రిపోర్టు చెల్లడానికి నాలుగు వివరాలు చాలు: ఎవరికి వచ్చింది (పేరులోని పొడి అక్షరాలు, వయసు, ఆడా మగా), ఏ మందు మీద అనుమానం, ఏమైంది, రిపోర్టు చేస్తున్నది ఎవరు. మందే కారణమని నిరూపించే బాధ్యత ఫార్మసిస్టుది కాదు. రుజువు దొరికాక పంపుదామనుకుంటే ఆ రిపోర్టు ఇక వెళ్లదు.

అయితే విశ్లేషించేవారికి తేదీలే ఆధారం. మందు ఎప్పుడు మొదలైంది, లక్షణం ఎప్పుడు కనిపించింది, ఎప్పుడు ఆపారు, ఆపాక తగ్గిందా? ఎనలాప్రిల్ లాంటి బీపీ మందులతో పొడి దగ్గు కొద్ది రోజుల్లోనూ రావచ్చు, నెలల తరవాతా రావచ్చు; ఆపాక సాధారణంగా 1 నుంచి 4 వారాల్లో తగ్గుతుంది. అందుకే "ఇన్నాళ్లూ పడిందిగా" అని కొట్టిపారేయకూడదు. తేల్చుకోవడానికని అదే మందు మళ్లీ వేసుకోమనడం ప్రమాదం. రోగి తనంతట తానే వేసుకుంటే మళ్లీ వచ్చిందని చెబితే మాత్రం తప్పక రాయాలి.

"ఇంకేమైనా వాడుతున్నారా?" అంటే లేదనే చెబుతారు. నొప్పి మాత్రలు, మూలికలు, కంటి చుక్కలు, ఈమధ్య వాడి మానేసిన యాంటీబయాటిక్ అని విడివిడిగా అడగాలి. ఏళ్లుగా కొలెస్ట్రాల్ మందు సిమ్వాస్టాటిన్ వాడుతున్నవారికి ఇప్పుడు కండరాల నొప్పులు మొదలైతే, కొత్తగా చేరిన క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కారణం కావచ్చు. సిమ్వాస్టాటిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది, రక్తంలో సిమ్వాస్టాటిన్ పెరిగిపోతుంది. అప్పుడు అనుమానం రెండు మందుల మీదా రాయాలి.

బ్రాండు, మోతాదు, బ్యాచ్ నంబరు స్ట్రిప్పు చూసి ఎక్కించాలి. టీకాలు, ఇన్సులిన్ లాంటి వాటికి బ్యాచ్ నంబరు వదలనే కూడదు.

"అలర్జీ" అని ఒక్క ముక్క రాస్తే ఎవరికీ ఉపయోగపడదు. దద్దుర్లు ఎక్కడ మొదలయ్యాయి, ఎలా పాకాయి, ఏ చికిత్సతో తగ్గాయో రాయాలి. ప్రాణాపాయం, ఆసుపత్రిలో చేరిక, శాశ్వత వైకల్యం, పుట్టుకలోపం, మరణం ఉంటే "తీవ్రమైనది" గడిలో టిక్ పెట్టాలి.

ఫిట్స్ మందులు, బీటా బ్లాకర్లు (గుండెకు, బీపీకి వాడే ఒక రకం మందులు) ఉన్నట్టుండి మానేస్తే అసలు జబ్బే తిరగబెట్టవచ్చు. డాక్టరుతో మాట్లాడకుండా ఆపమనకండి.

రిపోర్టు నంబరు దాచుకోండి. తరవాత వచ్చిన రక్తపరీక్ష ఫలితాలు ఆ నంబరు మీదే పంపాలి. కొత్త ఫారం నింపితే ఒకే రోగి ఇద్దరిగా లెక్కలోకి వెళ్లే ప్రమాదం ఉంది.