ఫౌండర్స్ డేకి ఐదు నిమిషాల స్పీచ్ తయారు చేసుకోవడం ఎలా

కెనరా బ్యాంకు పెట్టిన అమ్మెంబాళ్ సుబ్బారావు పాయ్ గారి పేరున జరిపే ఫౌండర్స్ డే, అంటే నవంబర్ 19, దగ్గరపడితే ఆ బ్యాంకు బ్రాంచిల్లో మేనేజర్ గారి చూపు కొత్తగా చేరినవాళ్ల మీద పడుతుంది, "ఈసారి నువ్వు మాట్లాడమ్మా" అంటారు, ఇక టెన్షన్ మొదలు. విజయవాడలోనో గుంటూరులోనో మీ వంతు వస్తే ఇలా చేయండి.

"1852లో ముల్కిలో జన్మించారు" అని మాత్రం ఎత్తుకోకండి, వినేవాళ్లు అక్కడే జారిపోతారు. అమ్మెంబాళ్ సుబ్బారావు పాయ్ మంగళూరులో వకీలు. ఆయన ముందు పెట్టింది బ్యాంకు కాదు, బడి. 1891లో కెనరా హైస్కూల్, 1894లో ఆడపిల్లలకి వేరే బడి, ఇవయ్యాక ఎప్పుడో 1906 జూలైలో బ్యాంకు పని. మనవాళ్లేమో బ్యాంకు గొప్పంతా చెప్పి, చివర్లో "విద్యాసేవ కూడా చేశారు" అని ఒక్క ముక్కతో తేల్చేస్తారు. మీరు బడితోనే మొదలుపెట్టండి, ఆ కాలంలో ఆడపిల్లల చదువు గురించి ఒక నిమిషం ఎక్కువ మాట్లాడినా నష్టం లేదు.

తర్వాత పేరు సంగతి. 1906లో పెట్టినదాని పేరు కెనరా హిందూ పర్మనెంట్ ఫండ్. కెనరా బ్యాంక్ లిమిటెడ్ అయింది 1910లో, ఆయన పోయింది 1909లో. అంటే ఇవాళ మన బోర్డు మీదున్న పేరు ఆయన చూడనే లేదు! ఇది చెప్పి కాస్త ఆగండి, ఫోన్లు చూసుకునేవాళ్లు కూడా తలెత్తుతారు.

మన ఊరితో కలపాలంటే, అప్పట్లో మంగళూరూ బెజవాడా రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. 1906 అక్టోబర్‌లో మద్రాసులో అర్బత్‌నాట్ అనే బ్యాంకింగ్ కంపెనీ దివాలా తీసి డిపాజిటర్లు లబోదిబోమన్నారు, దాంతో మరుసటి ఏడు ఇండియన్ బ్యాంకు పుట్టింది, దానికి పూనుకున్న కృష్ణస్వామి అయ్యర్ కూడా వకీలే. అయితే ఆ దివాలా చూసే పాయ్ గారు ఫండ్ పెట్టారని మాత్రం అనకండి, ఫండ్ అంతకు మూడు నెలల ముందే వచ్చింది.

సభలో ఎవరో ఒక పెద్దాయన బందరు ఆంధ్రా బ్యాంకు ఊసెత్తడం ఖాయం. 1923లో దాన్ని పెట్టిన పట్టాభి సీతారామయ్య గారు వకీలు కాదు, డాక్టరు, కలిపేయకండి. 1969 జాతీయీకరణ, 2020 సిండికేట్ బ్యాంకు విలీనం ఒక్క వాక్యంలో దాటేయండి, స్టాఫ్‌కి అవన్నీ తెలిసినవే. పేపర్ చూసి చదవొద్దు, తేదీలు మాత్రం చిన్న చీటీ మీద రాసి పెట్టుకోండి.