అరిసెల పోటీలో అరిసె మొరాయిస్తే

సంక్రాంతికి వారం ముందు గుంటూరు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ వాళ్లం అరిసెల పోటీ పెట్టుకుంటాం. తడిపిండి ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు. పాకం మాత్రం సెల్లార్లో పెట్టిన పొయ్యి మీదే పట్టాలి. గంటన్నరలో పదకొండు అరిసెలు పళ్లెంలోకి రావాలి. మూడేళ్లుగా నా పని పొయ్యిల మధ్య తిరుగుతూ ఎవరిది ఎక్కడ చెడిందో చూడడం. చెడిన ప్రతివాళ్లూ "పాకం కుదరలేదండీ" అంటారు. నేను చూసినంతలో సగం సార్లు తప్పు పిండిదే.

నూనెలో వేయగానే విచ్చిపోతోంది

ఎక్కువమందికి వచ్చే గొడవ ఇదే. పాకం లేతగా ఉండగానే పిండి పోసి ఉంటారు, లేకపోతే పిండి ఆరిపోయి ఉంటుంది. రెండింట్లో ఏదో తెలియాలంటే చలిమిడి కాస్త తీసి ఉండ చేసి, అరచేత్తో నొక్కండి. చేతికి అంటుకుని జారిపోతుంటే లేత పాకం. అంచులు పగుళ్లిస్తే పిండి ఆరింది.

లేత పాకమైతే ఇంకో గుప్పెడు తడిపిండి కలిపి పది నిమిషాలు మూత పెట్టండి. చల్లారేకొద్దీ అదే గట్టిపడుతుంది. పిండి మిగల్లేదా, గిన్నెను సన్నసెగ మీద రెండు నిమిషాలు ఉంచి అడుగంటకుండా కలపండి.

ఆరిన పిండి సంగతి వేరు. అది పాకంలో ఉన్న కాస్త తడినీ పీల్చేసుకుంటుంది, చలిమిడి పొడిపొడిగా రాలుతుంది. అందుకే పాకం పొయ్యి మీద పెట్టకముందే పిండిని గుప్పిట్లో పట్టి చూసుకోవాలి. విప్పినా ముద్దలా నిలిస్తే సరే. రాలిపోతే చేత్తో నీళ్లు చిలకరించి, పిసికి, జల్లించి, తడిబట్ట కప్పాలి. అప్పటికే కలిపేసి ఉంటే మాత్రం వేడి పాలు చెంచాలతో పోస్తూ మర్దించడమే దారి.

పోయినేడు మా కింద ఫ్లాట్ అత్తయ్యగారు పిండిని వెడల్పాటి బేసిన్‌లో పోసి, పైన పల్చటి బట్ట కప్పి మర నుంచి స్కూటర్ మీద తెచ్చారు. దారంతా గాలి. నేను పిండి పట్టి చూసేసరికి పైదంతా ముగ్గుపిండిలా రాలుతోంది. ఆవిడ కంగారుపడలేదు. పైన రెండంగుళాలు చేత్తో పక్కకు తోసి, అడుగు పిండి మాత్రం తీసుకున్నారు. అక్కడ తడి అలాగే ఉంది. లోతు గిన్నెలో అదిమి తెచ్చి ఉంటే ఆ తిప్పలే ఉండేవి కాదు. ఇంకో మాట. బియ్యం 24 గంటలు నానబెట్టి, రెండుసార్లు నీళ్లు మార్చి, వడకట్టి, చేతికి తడి తగులుతుండగానే మర పట్టించాలి. పండగ ముందు మర దగ్గర క్యూలో గంట నిలబడితే బియ్యం అక్కడే ఆరిపోతాయి. అందుకే తడిబట్టలో మూటకట్టి తీసుకెళ్లండి.

కొరికితే పన్ను కదులుతోంది

ఇది నిజంగా పాకం తప్పే. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అనుకుంటే, పాకం చుక్క చల్లటి నీళ్లలో వేసి వేళ్లతో దగ్గరికి తీయగానే మెత్తటి ఉండ కావాలి. థర్మామీటరు ఉన్నవాళ్లకు అది 112 నుంచి 116 డిగ్రీలు. ఆ ఉండ పళ్లేనికేసి కొడితే టంగుమంటే ముదిరిపోయినట్టు. అలాంటి అరిసెలు నెల నిలవుంటాయి, అమెరికా పిల్లలకు పంపడానికి పనికొస్తాయి. పోటీకి మాత్రం పనికిరావు.

పిండి పోయకముందే గమనిస్తే పావు గ్లాసు వేడినీళ్లు పోసి మళ్లీ మరగనివ్వండి. పిండి పడ్డాక గమనిస్తే వేడి పాలే గతి. కాకపోతే ఆ అరిసెలు ఎక్కువ రోజులు నిలవుండవు. పోటీలో పాకం ముదరడానికి అసలు కారణం నాకు తెలిసి ఒకటే. నీళ్ల పళ్లెం ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం. ఈలోగా అర నిమిషం దాటిపోతుంది. మందపాటి గిన్నె అయితే పొయ్యి కట్టేశాక కూడా లోపల ముదురుతూనే ఉంటుంది.

ఎంతసేపు మరిగినా ఉండ కట్టని బెల్లం కూడా ఉంటుంది. కొనేముందు నాలుక మీద పెట్టి చూడండి, ఉప్పగా తగిలితే వదిలేయండి.

నూనె కారుతోంది

నూనె కాగలేదు. సెల్లార్లో గాలికి మంట పక్కకు పోతుంది, నూనె ఎంతకీ వేడెక్కదు. పొయ్యి చుట్టూ రేకు అడ్డం పెట్టండి. మూకుట్లో ఒక్కసారికి రెండే వేయండి. తీసిన వెంటనే, వేడి మీదే, రెండు చెక్కల మధ్య గట్టిగా నొక్కండి. చల్లారాక ఎంత నొక్కినా నూనె దిగదు.

పైన నలుపు, లోపల పచ్చి

సెగ ఎక్కువైంది. బెల్లం తొందరగా మాడుతుంది, మంట తగ్గించండి.

నువ్వులు నూనెలో రాలుతున్నాయి

పైన చల్లితే రాలక ఏం చేస్తాయి? చలిమిడి ఉండనే నువ్వుల్లో దొర్లించి అప్పుడు తట్టండి. రాలినవి మాడితే తర్వాతి వాయికి చేదు అంటుకుంటుంది, చిల్లుల గరిటెతో తీసేయాలి.

పళ్లెంలో ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి

వేడి మీద పేర్చారు. మా అమ్మమ్మ వరిగడ్డి పరిచి ఆరబెట్టేది. మీకు అరటాకు దొరికితే చాలు. పావుగంట విడివిడిగా ఉంచి, జడ్జీలు మీ బల్ల దగ్గరికి వస్తుండగా పళ్లెంలో సర్దండి.