స్కూల్ మ్యాగజైన్ అచ్చులో తేడాలు: సమస్య - పరిష్కారం

బడి వార్షిక సంచిక చేతికి రాగానే అందరూ ప్రెస్సువాళ్లని తిడతారు కానీ, తప్పు చాలాసార్లు అచ్చు ప్లేటు వేయకముందే, మన దగ్గరే జరిగిపోయి ఉంటుంది.

ఫోటోలు మసకగా వచ్చాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో పొడవు సుమారు 1600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది. అచ్చుకి అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి, అంటే ఆ ఫోటో ఐదంగుళాల పొడవు దాకా బాగుంటుంది, అదే రెండు పేజీల మీద పరిచారా, ఇక అంతే. డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫోటోషాప్‌లో పిక్సెళ్ల నంబరు పెంచితే సైజు పెరుగుతుంది తప్ప స్పష్టత రాదు.

గ్రూప్ ఫోటో మధ్యలో మనిషి మాయం. రెండు పేజీలు కలిసే మడతని గట్టర్ అంటారు. గ్రూప్ ఫోటోలో సరిగ్గా మధ్య కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలుసుగా, మాకు ఒకసారి హెచ్‌ఎం గారే మడతలోకి వెళ్లిపోయారు! ఫోటోని ఒకే పేజీలో పెట్టండి, లేదా కొంచెం పక్కకి జరిపి ఇద్దరి మధ్య ఖాళీ మడత మీదకి వచ్చేలా చూడండి.

పేజీ అంచున తెల్ల గీత. బ్లీడ్ వదల్లేదు. కటింగ్‌లో బ్లేడు కాస్త జరుగుతుంది కాబట్టి రంగుని, ఫోటోని పేజీ బయటికి 3 మిల్లీమీటర్లు పొడిగించాలి, ఆ అదనపు భాగమే బ్లీడ్.

యూనిఫాం నీలం ఊదాగా, డల్‌గా మారింది. స్క్రీన్ రంగులు ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం), అచ్చు రంగులు సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు). ముందే మార్చి చూసుకోండి. చిన్న నల్లక్షరాలకి నాలుగు రంగులూ కలపకండి, ఒక్క నలుపే 100 శాతం ఇవ్వండి, లేకపోతే అక్షరం పక్కన రంగు నీడ పడుతుంది.

తెలుగు చోట ప్రశ్నార్థకాలు, విడిపోయిన ఒత్తులు. అసలు తలనొప్పి ఇదే. పిల్లలు ఫోన్లో టైప్ చేసేది యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదివే అక్షరాల పద్ధతి), డీటీపీ ఆయన పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో వాడేది ‘అను’ అనే తెలుగు ఫాంట్లు, పేజ్‌మేకర్‌కి యూనికోడ్ అర్థం కాదు. కన్వర్టర్‌తో మార్చుకోవాలి, మార్చాక కూడా ఒత్తుల్ని వరసగా చదవాలి. పేజీలు కట్టే మరో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ అయితే యూనికోడ్ నేరుగా పెట్టొచ్చు కానీ పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్‌రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు పక్కకి వచ్చి కూర్చుంటాయి. ప్రెస్సుకి పీడీఎఫ్ ఇచ్చేటప్పుడు ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయో లేదో, అంటే ఫైల్లోనే కలిసి ఉన్నాయో లేదో చూడండి.

చివర్లో ఖాళీ పేజీలు. సెంటర్ పిన్ పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి, 42 పేజీలు రాస్తే 44 అవుతుంది. తెల్లకాగితాలు మడిచి డమ్మీ (నమూనా పుస్తకం) కట్టి, ఏ పేజీలో ఏది వస్తుందో ముందే రాసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

పేర్లు తప్పు పడ్డాయి. తల్లిదండ్రులు అన్నీ క్షమిస్తారు, ఇది తప్ప. ఇంగ్లిషు హాజరు పట్టీ చూసి తెలుగులో కొడితే కవిత కాస్తా కవిథ, మురళి కాస్తా మురలి అవుతాడు. ప్రూఫ్ దిద్దేవాళ్లకి ఆ పిల్లలు తెలియదు కదా, వాళ్లు మాత్రం ఎలా పట్టుకుంటారు? క్లాసులో ఒక కాగితం తిప్పి ఎవరి పేరు వాళ్లనే తెలుగులో రాయమనండి, ప్రూఫ్ వచ్చాక ఆ కాగితం పక్కన పెట్టుకుని క్లాస్ టీచరే సరిచూసి సంతకం పెట్టాలి.