తిరుపతి ఎండకూ గాలివానకూ నిలిచేలా క్యాంపర్ వ్యాన్‌కు ఆనింగ్

ఆనింగ్ అంటే క్యాంపర్ వ్యాన్ (లోపలే పడుకుంటూ ఊళ్లు తిరిగే బండి) పక్కకు నీడ కోసం చాపే గుడ్డ పందిరి. కొనేటప్పుడు అది ఎంత నీడనిస్తుందో అందరూ చూస్తారు. అంతకన్నా ముందు చూడాల్సింది, గాలి లేస్తే ఒక్కరే ఎంతసేపట్లో చుట్టేయగలరన్నది. మే నెలలో మధ్యాహ్నమంతా మాడ్చేసి, సాయంత్రానికి ఈదురుగాలితో వాన ముంచుకొస్తుంది. ఆనింగ్ చేతులు, అంటే గుడ్డను చాపి పట్టే కడ్డీలు, విరిగేది అప్పుడే.

ఈ లెక్కన హ్యాండిల్ తిప్పితే పెట్టెలోంచి విచ్చుకునే క్యాసెట్ రకమే మేలు. 2.5 మీటర్ల పొడవుది దాదాపు 20 కిలోలు తూగుతుంది. సంచిలో చుట్టి రూఫ్ క్యారియర్‌కు బిగించేది తేలిక, చవక. కానీ దాన్ని చుట్టడానికి ఇద్దరు కావాలి. డబ్బు తక్కువైతే లారీలకు కప్పే పీవీసీ టార్పాలిన్‌కు అంచుల వెంట రింగులు కొట్టించుకుని రెండు పైపుల మీద నిలబెట్టండి. నీలం ప్లాస్టిక్ పట్ట మాత్రం వద్దు, మన ఎండకు త్వరగా పెళుసుబారి చీలిపోతుంది. ఫోర్స్ ట్రావెలర్ లాంటి వ్యాన్‌కు 2.5 నుంచి 3 మీటర్ల పొడవు, బండి నుంచి బయటికి 2 మీటర్ల చాపు చాలు.

బిగించేది ఎడమ వైపే. ప్రయాణికుల తలుపు అటే ఉంటుంది, రోడ్డు మీద పోయే బళ్లు కుడి వైపుంటాయి. తలుపు పూర్తిగా తెరిచి, అది గుడ్డకు తగలకుండా ఎత్తు చూసుకున్నాకే గుర్తు పెట్టండి. వట్టి రేకుకు స్క్రూలు కొడితే కుదుపులకు రంధ్రం పెద్దదై నీళ్లు కారతాయి. బ్రాకెట్లు క్యారియర్ ఫ్రేముకే పట్టాలి. మూడుంటే మంచిది, స్టీలు బోల్టులకు నైలాన్ లాక్ నట్లు వేయండి. తిరుమల ఘాట్ మలుపులు ఒకసారి ఎక్కి దిగాక అన్నీ మళ్లీ బిగించాలి.

బండి ఎటు పెడతారన్నది గుడ్డ రకం కన్నా ముఖ్యం. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా తిరుపతిలో మిట్ట మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, పైన గుడ్డ ఉంటే చాలు. అసలు బాధ మూడు దాటాక పడమటి ఎండతో. అది ఆనింగ్ కిందికి ఏటవాలుగా దూరుతుంది. బండి ముక్కు దక్షిణానికి పెడితే ఎడమ వైపు తూర్పవుతుంది, బండే గోడలా ఎండకు అడ్డం నిలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలి కాబట్టి, ఎడమ వైపు పడమరై బండి గాలికి అడ్డం నిలిచేలా ముక్కు ఉత్తరానికి తిప్పండి.

తెరిచేటప్పుడు మీటరు దాకా విప్పి ఆగండి. ఆనింగ్ కాళ్లు దించి నేలకానించి, వాటిని జరుపుకుంటూ మిగతాది విప్పాలి. కాళ్లు లేకుండా చివరిదాకా లాగితే బరువంతా చేతుల మీద పడుతుంది. గుడ్డ బిగుతుగా ఉందో లేదో వేళ్లతో తట్టి చూడండి, జోలెలా వేలాడుతుంటే అర చుట్టు వెనక్కి తిప్పండి.

వానప్పుడు ఒక ముందు కాలిని 20 సెంటీమీటర్లు దించాలి. ఎందుకంటే 5 చదరపు మీటర్ల గుడ్డ మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే 50 లీటర్లు, అంటే 50 కిలోలు. నీరు జారకుండా మధ్యలో గుంత కడితే ఆ బరువుకు చేతులు వంగిపోతాయి. కింది నుంచి కర్రతో పొడవకండి, గుడ్డ చిరుగుతుంది. కాలు దించితే నీళ్లు వాటంతటవే జారిపోతాయి.

ఆనింగ్‌ను తాళ్లతో నేలకు కట్టే మేకులు సన్నవైతే ఎండిన ఎర్రమట్టిలో వంగిపోతాయి. ఇనుప దుకాణంలో 12 మిల్లీమీటర్ల కడ్డీని 40 సెంటీమీటర్ల ముక్కలుగా కోయించి, పైకొన కొక్కెంలా వంచమనండి. గునపంతో దారి చేసి, మేకు తల బండికి దూరంగా, బయటి వైపుకు వాలేలా దిగగొట్టండి. తాడుకు లేత రంగు గుడ్డ కడితే రాత్రి నడిచేవాళ్ల కాళ్లకు తగలదు. చెట్ల కొమ్మలు ఊగడం మొదలైతే మాత్రం మేకుల్ని నమ్మకండి, చుట్టేయండి.

ఆనింగ్ కింద స్టవ్ వెలిగించొద్దు, పీవీసీ వేడికి కరుగుతుంది. తలకోన, అలిపిరి పక్కల తిండి పొట్లాలు నీడలో వదిలితే కోతులు గుడ్డ మీదికెక్కి గోళ్లతో చీలుస్తాయి. మామిడి తోటలో ఆగితే జిగురు పడిన చోట అదే రోజు తడిగుడ్డతో తుడవండి.

తడిగా చుట్టాల్సి వస్తే మర్నాడు ఎండ రాగానే విప్పి ఆరేయండి. రెండు మూడు రోజులు అలాగే ఉంటే బూజు నల్ల మచ్చలవుతుంది, మరి పోదు. బ్లీచింగ్ వాడితే మచ్చతో పాటు పూత కూడా పోతుంది. మామూలు మురికికి తేలిక సబ్బునీరు, మెత్తని బ్రష్షు చాలు.