కొండెక్కేటప్పుడు నీళ్లు వేడెక్కకుండా

ఉదయగిరి దుర్గం లాంటి ఎండ కొండలు ఎక్కేటప్పుడు పదింటికల్లా బ్యాగులో నీళ్లు వేడెక్కిపోతాయి, గొంతు దిగవు, దాంతో తాగడమే తగ్గించేస్తాం, వడదెబ్బకి దారి అదే.

పాత నూలు పంచె ముక్క మూరెడు తీసుకుని లీటరు సీసాకి రెండు చుట్లు చుట్టి, పైనా కిందా పురికొసతో కట్టండి. బయల్దేరేముందు గుడ్డంతా తడిపి, సీసాని బ్యాగులో పెట్టకుండా బయట ఎండ పడని వైపు గాలి తగిలేలా వేలాడదీయండి. తడి ఆరేకొద్దీ లోపలి నీళ్ల వేడిని లాగేస్తుంది, కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే కదా. అరగంటకోసారి మళ్లీ తడపాలి. దానికి తాగే నీళ్లు పాడు చేయొద్దు, బండల మధ్య నిలిచిన నీళ్లు చాలు, కాకపోతే ఆ మురికి నోట్లోకి పోకుండా మూత కింద రెండు వేళ్ల వెడల్పు వదిలి చుట్టండి. పాలిస్టర్ గుడ్డ నీళ్లు సరిగా పీల్చదు, నూలుదే కావాలి. స్టీలు సీసా అయితే మరీ మంచిది, ఫ్లాస్కుకి మాత్రం చుట్టి లాభం లేదు.

ఉక్కపోతగా ఉన్న రోజు ఇది పనిచేయదు. మైపాడు లాంటి సముద్రం ఒడ్డున, వాన వెలిసిన పూట గుడ్డ తడి అసలు ఆరదు. అలాంటప్పుడు ముందు రాత్రి ప్లాస్టిక్ సీసాలో మూడోవంతు నీళ్లు పోసి ఫ్రీజర్‌లో ఏటవాలుగా పడుకోబెట్టి, పొద్దున మిగతాది నింపుకోండి. ఎలా చల్లబరిచినా మనిషికి మూడు లీటర్లకి తగ్గకుండా మోసుకెళ్లండి.